గంగులు తరఫున పది నిమిషాలు

సాలూరు,
8 జూన్ 2025

మావయ్యకు,

నేనూ అమ్మా బాగానే ఉన్నాం. "నాన్న గొంతు దగ్గర మళ్ళీ రేగిన గాయం పూర్తిగా మానింది" అని అనూరాధ వదిన ఫోన్లో నీ సంగతి చెప్పింది. ఆపరేషన్లో స్వరపేటిక తీసేశాక నీతో మాట్లాడదామంటే దారి లేకుండా పోయింది. ముక్కలు ముక్కలుగా మెసేజీలు పెట్టి తేల్చుకునే సంగతి కాదిది. అందుకే కాగితం తీశాను.

పోయిన గురువారం అమ్మ రేషను బియ్యానికి వెళ్ళింది. లైనులో ఎవరో గొడవపడి, "తాగీసి లారీని లోయలోకి తోసీసినోడి పెళ్ళాం, ఈవిడికి ముందేటి?" అన్నారట. అమ్మ సంచీ మడుచుకుని ఇంటికి వచ్చేసింది. పక్కింటావిడ చెబితే తెలిసింది.

నాన్న పోయి ఏడాదిన్నర దాటింది. సుంకి నుంచి ఘాట్‌రోడ్డు దిగుతుంటే బండి లోయలో పడి కాలిపోయింది. పరీక్ష చేయడానికి ఏమీ మిగల్లేదు. బ్రేకులు పట్టడం లేదని నాన్న వారం ముందు నుంచీ ఇంట్లో అంటూనే ఉన్నాడు. కానీ మన ఘాట్‌రోడ్ లారీ సహాయ సంఘం వాళ్ళ విచారణలో ఏం రాశారో నీకూ తెలుసు: "డ్రైవరు మద్యం మత్తులో ఉన్నట్టు నమ్మదగిన సాక్షి ద్వారా తెలిసినది." ఆ ఒక్క లైనుతో సంఘం గోడ మీది నల్లరాతి పలక మీద నాన్న పేరు ఎక్కకుండా పోయింది. బండిమీద పోయిన డ్రైవర్ల పేర్లు పదిహేడు ఉన్నాయి అక్కడ. బండి ఓనరు నగరేశ్వరరావే, సంఘం అధ్యక్షుడూ నగరేశ్వరరావే, విచారణ వేసిందీ అతనే.

ఇప్పుడు అతనికి అధ్యక్షుడై పాతికేళ్ళు నిండాయట. నవంబరు పదహారున వార్షిక సభలో సన్మానం. సభ్యుల కుటుంబంలో ఎవరైనా నెల ముందు రాతలో అర్జీ ఇస్తే సభలో పది నిమిషాలు మాట్లాడనివ్వాలని సంఘం రూలు ఒకటుంది. నువ్వు కార్యదర్శిగా ఉన్నప్పుడు రాయించిన రూలేనట అది.

ఆ పది నిమిషాలు నాకు కావాలి. కప్పిన శాలువాతో సహా అతన్ని కిందికి దించాలి. మీసేవలో కూర్చుని రోజంతా ఊళ్ళోవాళ్ళ అర్జీలు టైపు చేస్తాను గానీ, నా అర్జీ రాయబోతే చెయ్యి నా మాట వినడం లేదు. నువ్వు మైకు పట్టుకుంటే బస్టాండులో బస్సు కదిలేది కాదని నాన్న చెప్పేవాడు. నాకు నేర్పు. చిత్తుప్రతి పంపుతున్నాను.

నీ మేనకోడలు,
సుహాసిని

*

కొత్తవలస,
17 జూన్ 2025

చిరంజీవి సుహాసినికి, మావయ్య ఆశీస్సులు.

అర్జీ మూడుసార్లు చదివాను. నాలుగు పేజీల్లో "దుర్మార్గుడు" ఆరుసార్లు, "పాపాత్ముడు" రెండుసార్లు ఉన్నాయి. ఎనిమిదీ కొట్టేశాను. నీ కోపం వద్దనడం లేదు తల్లీ. అది నీ కాళ్ళలో ఉండాలి, గట్టిగా నిలబెట్టడానికి. కాగితం మీద ఉండకూడదు. నువ్వు నగరేశ్వరరావును తిట్టిన మరుక్షణం సభ రెండుగా చీలిపోతుంది. ఆయనంటే గిట్టనివాళ్ళు ఈలలు వేస్తారు, ఆయన బండ్లు తోలేవాళ్ళు తలలు దించుకుంటారు. ఈలలు వేసేవాళ్ళు ఇప్పటికే నీ వైపు. నీకు కావలసింది తలలు దించుకునేవాళ్ళు.

నీకేం కావాలో ఒక్క వాక్యంలో రాసి పంపు. "నగరేశ్వరరావు నాశనం కావాలి" అని రాస్తావేమో, ఆ పని సభ చేతిలో లేదు. సభ చేయగలిగినదే అడగాలి, అదీ ఒక్కటే. రెండు అడిగావంటే తేలికైనది ఇచ్చి రెండోది ఎగ్గొడతారు.

ఎవరితో మాట్లాడుతున్నావో కూడా తేల్చుకో. వేదిక మీద కూర్చున్నవాళ్ళతో కాదు. మూడో వరుసలో నరసింగరావు కూర్చుంటాడు. నలభై ఏళ్ళు ఆ ఘాట్‌లో బండి నడిపినవాడు, ఎవరికీ తొందరగా తల ఊపడు. అతను ఊపితే వెనక పాతికమంది ఊపుతారు. అతనికోసం రాయి.

ఇకమీదట కూడా ఉత్తరాలే రాయి. ఫోన్లో చెరిపేసిన మాట కనపడదు. కాగితం మీద కొట్టివేత ఉంటుంది, నువ్వు ఏ మాట ఎక్కడ వదిలావో నాకు తెలుస్తుంది.

ఇంకొక్క సంగతి. ఆ సాక్షి ఎవరా అని తవ్వుకుంటూ కూర్చోకు. అందులో నీ టైమంతా పోతుంది. బ్రేకుల మీద నిలబడు.

చెల్లాయిని అడిగానని చెప్పు.

మావయ్య

*

సాలూరు,
6 జూలై 2025

మావయ్యకు,

ఒక్క వాక్యం రాయడానికి పది రోజులు పట్టింది. ఇదిగో: "గంగులు పేరు పలక మీద చెక్కాలి." బాగుందా?

బైపాసు దగ్గర మెకానిక్ ఈశ్వర్ షెడ్డుకి వెళ్ళాను. మొదట స్పానర్లు సర్దుకుంటూ ఉండిపోయాడు. నేను కదలకపోయేసరికి అన్నాడు: "నాను ఆ బండి కిందకి దూరి సూసినానమ్మా. గాలి లీకవతన్నాది. మూడు రోజులు షెడ్డులో ఉంచమని నగరేశ్వరరావు గారికే సెప్పినాను. సరుకు ఆగదు, బండి వొగ్గీ అన్నాడు."

"ఇదే మాట సభలో సెప్తావా ఈశ్వర్?"

"ఒక్కణ్ణీ నిలబడలేను. ఆయన ఊ అంటే రేపటికి నా షెడ్డుకి ఒక్క బండి రాదు. నా ముందు ఇంకెవులైనా లెగిస్తే, నానూ లెగుస్తాను."

సరేనని నరసింగరావు బాబాయి దగ్గరికి వెళ్ళాను. బ్రేకుల సంగతి అంతా విన్నాడు. విని ఏమన్నాడో తెలుసా? "బ్రేకులు పట్టని బండి మనోలు ఎంతమంది దించలేదమ్మా? గంగులూ అలాటియి పది దించినాడు. ఆ రోజు దించలేకపోనాడంటే, తాగున్నాడనే గదా!"

బ్రేకులు పాడని నేను ఎంత గట్టిగా నిరూపించినా, "తాగకపోతే దించీవోడే" అన్న ఒక్క మాటతో వాళ్ళు తప్పుకుంటారు. సాక్షిని పక్కన పెట్టి వెళ్ళడానికి దారి లేదు మావయ్యా. ఆ ముడి విప్పితేనే మిగతాది కదులుతుంది. రేపు విచారణ కాగితాలు చూపించమని సంఘానికి రాతలో అడుగుతున్నాను.

రోజూ పనయ్యాక అమ్మ ముందు నిలబడి మాట్లాడుతున్నాను. అమ్మ చేటలో బియ్యం ఏరుకుంటూ వింటుంది. ఎక్కడ తల ఎత్తితే అక్కడ గీత పెట్టుకుంటున్నాను.

సుహాసిని

*

కొత్తవలస,
22 జూలై 2025

సుహాసినికి,

వాక్యం బాగుంది. మార్చకు.

సాక్షి సంగతి మళ్ళీ ఎత్తావు. సంఘం ఆ కాగితాలు ఇవ్వదు, ఇచ్చినా పేరు కొట్టేసి ఇస్తుంది. వదిలెయ్యి. నీకు పనికొచ్చేది చెబుతాను, ఇది నేను ముప్పై ఏళ్ళ సభల్లో నేర్చుకున్నది.

నమ్మనివాణ్ణి నమ్మించాలంటే ముందు ఎదుటి మనిషిలో మంచి చెప్పు. నిజమైన మంచే చెప్పు, వెటకారం లేకుండా. అప్పుడు వినేవాడు "ఈ పిల్ల పగతో రాలేదు" అనుకుని చేతులు కిందికి దించుతాడు. తర్వాత ఈ మాట చెప్పడం నీకెంత కష్టంగా ఉందో చెప్పు, ఒకే ముక్కలో. అప్పుడు అసలు దెబ్బ వెయ్యి. వేశాక ఆగిపోకు. చివర ఒక చిన్న వివరం పెట్టు. ఒక నవ్వో, ఒక చెప్పు తెగడమో. ఇలాంటిది ఎవరూ కల్పించరు అనిపించేంత చిన్నది. పెద్ద మాటను జనం అనుమానిస్తారు. చిన్నదాన్ని ఇంటికి పట్టుకుపోతారు.

నగరేశ్వరరావు మంచి చెప్పమంటే నీ నోరు రాదని తెలుసు. కరోనా రోజుల్లో కొరాపుట్‌లో చిక్కుకుపోయిన డ్రైవర్లను సొంత బండ్లలో ఇళ్ళకు చేర్చాడు. చెక్‌పోస్టు దగ్గర తాగునీళ్ళ ట్యాంకు కట్టించాడు. అక్కణ్ణించి మొదలుపెట్టు.

మావయ్య

*

సాలూరు,
19 ఆగస్టు 2025

గణపతిరావు మావయ్య గారికి నమస్కారాలు.

మీ ఉత్తరం అందింది. ఆలస్యానికి మన్నించండి. సంఘం ఆఫీసు చుట్టూ నాలుగుసార్లు తిరిగాక సాక్షి వాంగ్మూలం జిరాక్సు ఇచ్చారు. మీరు చెప్పినట్టే పేరు మీద నల్ల సిరా పూశారు. గుమస్తా ప్రదీప్ కాగితం ఇస్తూ నా మొహం చూడలేదు. అందులో ఉన్నది ఉన్నట్టుగా ఎత్తి రాస్తున్నాను:

"గంగులు లాంటి డ్రైవరు ఈ ఘాట్‌లో ఇంకొకడు లేడు. ముప్పై ఏళ్ళలో బండికి ఒక్క గీత పడనివ్వలేదు. అలాంటి మనిషి మీద ఈ మాట చెప్పవలసి రావడం నాకు నరకంగా ఉంది. ఆ ఉదయం సుంకి టీకొట్టు దగ్గర ఆయన నుంచి సారా వాసన వచ్చింది. బండి ఎక్కొద్దన్నాను. ఆయన నవ్వి, నా జేబులోంచి అగ్గిపెట్టె తీసుకుని, బండెక్కి వెళ్ళిపోయాడు."

ఇదీ వాంగ్మూలం. విచారణలో కూర్చున్న ఐదుగురూ దీన్ని విని ఒక్క ప్రశ్న కూడా అడగలేదట. చాలా బాగా చెప్పాడనుకుంటాను.

మీరు గురువులు. దీన్ని ఎలా విరగ్గొట్టాలో నాకు చెప్పండి. ఎక్కడ పట్టుకోవాలి, ఎవరిని ఏం అడగాలి, ఏది ముందు అనాలి, అంతా వరసగా రాయండి. దీని మీద మీకంటే బాగా రాయగలవాళ్ళు లేరు.

సుహాసిని

*

కొత్తవలస,
9 సెప్టెంబరు 2025

సుహాసినికి,

వంట్లో బాగోలేదు. గొంతుకి పెట్టిన గొట్టం దగ్గర చీము పట్టింది. అనూరాధ సెలవు పెట్టి విశాఖ తీసుకెళ్ళింది. రాయడానికి ఓపిక లేదు.

ఆ వాంగ్మూలం చూశాను. దాన్ని ముట్టుకోకుండా వెళ్ళే దారి ఇంకా ఉందని నా నమ్మకం. ఆలోచించి రాస్తాను.

ఇన్నాళ్ళూ నన్ను నువ్వు అన్నదానివి. ఇప్పుడు మీరు అంటున్నావు. ఎందుకమ్మా?

మావయ్య

*

సాలూరు,
21 సెప్టెంబరు 2025

మావయ్య గారికి,

ఆరోగ్యం జాగ్రత్త.

అక్టోబరు పదహారు లోపు అర్జీ ఇవ్వాలి. అంతకు ముందే మీ జవాబు కావాలి. నేను అడిగినది ఒక్కటే. ఒక్కటే అడగమని మీరే నేర్పారు.

సుహాసిని

*

కొత్తవలస,
5 అక్టోబరు 2025

సుహాసినికి,

అడిగావు గనక రాస్తున్నాను. నాలుగు కాగితాలు చింపి ఐదోది రాస్తున్నాను.

ఆ వాంగ్మూలంలో వాసన దగ్గర పట్టుకోకు. వాసన వచ్చిందా లేదా అన్నది ఎవరూ తేల్చలేరు. అగ్గిపెట్టెను పట్టుకోకు, అది జనానికి నచ్చుతుంది. "ఎక్కొద్దన్నాను" అన్న మాటను పట్టుకో. నిజంగా వద్దన్నవాడు పక్కనే ఉన్న చెక్‌పోస్టులో ఎందుకు చెప్పలేదు? తాళంచెవి ఎందుకు లాక్కోలేదు? అంత ప్రేమ ఉన్నవాడు బండి కదులుతుంటే చూస్తూ ఎందుకు నిలబడ్డాడు? ఈ మూడూ అడిగాక సభ కాస్త కదులుతుంది. కానీ విరగదు. విరగాలంటే ఇంకొకటి కావాలి: ఆ ఉదయం సాక్షి అసలు సుంకిలో ఉన్నాడా?

లేడు.

2023 నవంబరు పద్నాలుగు ఉదయం ఆ సాక్షి విజయనగరంలో గొంతు డాక్టరు గది బయట బల్ల మీద కూర్చుని ఉన్నాడు. ఆ రోజు తేదీ, టైము, పేరు ఉన్న ఓపీ చీటీ ఈ కాగితానికి పిన్ను కొట్టి పంపుతున్నాను. పేరు చదువుకో. నాదే.

ఆ డాక్టరు గొంతులో క్యాన్సరు అన్నాడు. విశాఖలో మంచం దొరకాలంటే మూడు నెలలు ఆగాలన్నాడు. వారానికి నగరేశ్వరరావు ఇంటికి వచ్చాడు. "మా తోడల్లుడు అక్కడే పెద్ద డాక్టరు గణపతీ. ఈ వారమే సేర్పిత్తాను. గంగులు ఎలాగూ పోనాడు, ఆడికిప్పుడు ఏటి పోతాది? నువ్వొక్క మాట సెప్పు. బామ్మర్దివి నువ్వు సెప్తే ఎవులూ మారు మాటాడరు" అన్నాడు. బ్రతకాలనిపించింది సుహా. అంతకుమించి నాకు ఏ కారణమూ లేదు. కల్పించి రాయగలను, రాయను.

బావ పోయిన తొమ్మిదో రోజు ఆ ఐదుగురి ముందు పదకొండు నిమిషాలు మాట్లాడాను. గొంతు అప్పటికే బొంగురుపోయింది, అదీ కలిసొచ్చింది, ఏడుపనుకున్నారు. రెండు వారాలకు ఆపరేషను. నా సొంత గొంతుతో చేసిన ఆఖరి ఉపన్యాసం అది. జన్మలో అంత బాగా మాట్లాడలేదు.

సభకు వస్తాను. అందరి ముందూ నిలబడతాను. నువ్వు చదువు, నేను తల ఊపుతాను.

నన్ను క్షమించమని అడగడానికి మొహం లేదు. అయినా అడుగుతున్నాను.

గణపతిరావు

*

సాలూరు,
14 అక్టోబరు 2025

గణపతిరావు గారికి,

చీటీ అందింది. అర్జీ ఈ రోజు ఇచ్చేశాను. రసీదు తీసుకున్నాను.

నాకు ఆగస్టు నుంచీ తెలుసు. ఎవరూ చెప్పలేదు. మీ జూలై ఉత్తరం ఒక పక్కన, వాంగ్మూలం ఇంకో పక్కన పెట్టుకుని చదివాను. ముందు మంచి, తర్వాత మీ కష్టం, తర్వాత దెబ్బ, చివర ఒక అగ్గిపెట్టె. ఎలా అబద్ధమాడారో నాకు పాఠంగా రాసి పంపారు, అది కూడా మీకు తెలియకుండానే. ఆ రోజే బస్సెక్కి కొత్తవలస వచ్చి మీ గుమ్మంలో నిలబడి అరుద్దామనుకున్నాను. ఆగాను. అరిస్తే మీరు ఏడుస్తారు, అంతటితో అయిపోతుంది. మీ అబద్ధాన్ని మీ చేత్తోనే విరగ్గొట్టించాలనుకున్నాను. నెలన్నర పట్టింది. విరగ్గొట్టారు.

సభకు మీరు రావద్దు.

గొంతుకి గొట్టం పెట్టుకున్న మనిషి నోరు లేకుండా సభలో నిలబడితే జనానికి కళ్ళు చెమరుస్తాయి. "పోనీలే, పాపం, ఒప్పుకున్నాడు" అంటారు. మా నాన్న కోసం పుట్టవలసిన జాలి మీరు పట్టుకుపోతారు. ఆ జాలిలో ఒక్క చుక్క మీకు దక్కనివ్వను. మీ కాగితం చాలు.

సుహాసిని

*

సాలూరు,
18 నవంబరు 2025

గణపతిరావు గారికి,

సభ ఎలా జరిగిందో తెలుసుకునే హక్కు మీకుందో లేదో నాకు తెలియదు. కానీ నేర్పింది మీరు, అందుకని రాస్తున్నాను.

కల్యాణ మండపం నిండింది. నగరేశ్వరరావుకి మూడు గజమాలలు వేసి పట్టుశాలువా కప్పారు. తర్వాత ఇష్టం లేనట్టుగా నా పేరు పిలిచారు. అమ్మ మొదటి వరుసలో చివరి కుర్చీలో కూర్చుంది. ఏం చదవబోతున్నానో ఆమెకు చెప్పలేదు.

నీళ్ళ ట్యాంకుతో మొదలుపెట్టాను. కరోనాలో ఇళ్ళకు చేర్చిన డ్రైవర్ల పేర్లు ముగ్గురివి చెప్పాను. నగరేశ్వరరావు మెడ కొంచెం వంచి దండం పెట్టాడు కూడా. ఆ దండం చూసినప్పుడు నాకు కడుపులో చల్లగా ఒక సంతోషం కలిగింది, అబద్ధం చెప్పను. అప్పుడు నా ఒక్క వాక్యం చెప్పి, దానికి అడ్డుగా ఉన్నది ఒక్క సాక్షి మాటేనని వాంగ్మూలం మొత్తం చదివాను. వెనక ఎవరో ముక్కు చీదుకున్నారు. మీరు మళ్ళీ గెలిచారు, రెండు నిమిషాలపాటు.

నగరేశ్వరరావు మైకు అందుకున్నాడు. "సిన్నపిల్లవి, ఇంతటితో వొగ్గీ సుహాసినీ. సాక్షి ఎవులో అడక్కు. అడిగితే మీయమ్మ తట్టుకోలేదు."

"అడగనండి. నానే సెప్తాను" అన్నాను.

మీ ఉత్తరం చదివాను. మంచం, తోడల్లుడు, పదకొండు నిమిషాలు, అన్నీ. చివరి రెండు ముక్కలు చదవలేదు, అవి సభకు సంబంధించినవి కావు. తర్వాత చీటీ పట్టుకుని కిందికి దిగి నరసింగరావు బాబాయి చేతికిచ్చాను. ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని తేదీ చదివాడు. పక్కవాడికిచ్చాడు. అది వరుస వరుసా తిరుగుతూ వెనక్కి పోయింది. నాకింకా మూడు నిమిషాలున్నాయి, ఆ మూడూ చీటీకే ఇచ్చేశాను.

బాబాయి లేచాడు. "నగరేశ్వరరావు గారూ, ఆ బండి బ్రేకులు పట్టట్లేదని ఈశ్వర్ మీకు సెప్పినాడా, నేదా?"

"అప్పుడు పరిస్థితులు ఏటంటే..."

"పరిస్థితులు నానడగనేదు. సెప్పినాడా, నేదా?"

అప్పుడు ఈశ్వర్ తలుపు దగ్గర నుంచి లేచాడు. "సెప్పినాను బాబాయ్. రెండుసార్లు సెప్పినాను." అన్నాక కూర్చోలేదు, అలాగే నిలబడ్డాడు.

ఆ తర్వాత ఎవరు ఏమన్నారో నాకు వరుసగా గుర్తులేదు. చేతులెత్తమన్నారు. వేదిక మీద ఇద్దరు తప్ప అందరూ ఎత్తారు. నాన్న పేరు పద్దెనిమిదోది. రాయి చెక్కేవాడు నిన్ననే కొలతలు తీసుకున్నాడు. నేను అడిగింది అంతే. నగరేశ్వరరావు దిగిపోవాలని నేను అడగలేదు. అతని బండ్లు తోలే డ్రైవర్లే అడిగారు, తలలు ఎత్తి. శాలువా మడిచి కుర్చీ మీద పెట్టి అతను పక్కదారిన వెళ్ళిపోయాడు. ఆ వీపు చూడటానికే జూన్ నుంచీ బతికాను. తృప్తిగా చూశాను.

ఇంటికి నడిచి వచ్చాం. అమ్మ దారంతా మాట్లాడలేదు. మీ పేరు ఎత్తలేదు, ఏడవలేదు.

సుహాసిని

*

కొత్తవలస,
27 నవంబరు 2025

సుహాసినికి,

బావ పేరు ఎక్కింది. అది చాలు. నువ్వు చీటీని చేతులు మారనిచ్చి ఊరుకోవడం నేను నేర్పింది కాదు. నాకంటే బాగా చేశావు.

నన్ను ఏమన్నా పడతాను. ఒక్కటి అడుగుతాను, దయచేసి కాదనకు. అనూరాధకు ఏమీ తెలియదు. విచారణలో నేను బావ తరఫున గట్టిగా పోట్లాడానని, ఆ పోట్లాటలోనే గొంతు మరీ చెడిందని దానికి అప్పట్లో చెప్పుకున్నాను. అది నమ్మింది. స్టేషను బుకింగ్ ఆఫీసులో తన పక్కసీటు వాళ్ళకి కూడా గొప్పగా చెబుతుంది. రోజూ గొట్టం కడిగి, మందు వేసి, అన్నం మెత్తగా కలిపి పెట్టి డ్యూటీకి వెళుతుంది. సాలూరు మాట ఇంతదూరం రాలేదు. రాకుండా చూడు. కన్నకూతురి ముందు మాత్రం నన్ను మనిషిగా ఉండనివ్వు.

గణపతిరావు

*

సాలూరు,
4 డిసెంబరు 2025

గణపతిరావు గారికి,

అనూరాధ వదినకు నేను చెప్పను. మాట ఇస్తున్నాను. ఫోను చేయను, ఉత్తరం రాయను, ఎవరి చేతా చెప్పించను.

కానీ అమ్మ నిన్న నోరు విప్పింది. సభ తర్వాత ఇన్నాళ్ళకి. పొయ్యి దగ్గర కూర్చుని, నా వైపు చూడకుండా అంది: "ఆదివారం రైలుకి నన్ను కొత్తవలస ఎక్కించీ. నాను అన్నని ఒక్కటి అడగాల."

"ఏటి అడుగుతావమ్మా?"

"పదకొండో రోజు కార్యానికొచ్చినాడు. నా ఎదర పీటేసుకుని కూకున్నాడు. రెండుసార్లు పప్పేయించుకున్నాడు. అప్పుడు ఆడికి నోరుండేది గదే. మరి నాతో ఎందుకు సెప్పనేదు?"

నేను వద్దనలేదు. వద్దనాలని కూడా అనిపించలేదు. మీ మీద నాకున్న కోపం సభతో పోతుందేమో అనుకున్నాను. పోలేదు. అమ్మకున్నది నాదాని కంటే పెద్దది, ఇన్నాళ్ళూ నాకు కనపడలేదు, అంతే.

ఆదివారం అనూరాధ వదినకు సెలవు. అందుకే ఆ రోజు పంపుతున్నాను.

అమ్మ ప్రశ్న నోటితో అడుగుతుంది. మీకు గొంతు లేదు, జవాబు కాగితం మీద రాయాలి. అమ్మకు చదువు రాదు. ఆ గదిలో చదవడం వచ్చిన మూడో మనిషి వదిన ఒక్కతే. మీరు ఏం రాస్తే అది పైకి చదివి వినిపిస్తుంది.

ఏం రాస్తారో మీ ఇష్టం.

సుహాసిని